నాలుగు సెకన్లు

గడ్డం ఈ గుంటలో పెట్టండి, ఒయికావా గారూ.
నుదురు పట్టీకి ఆనించండి.
లోపల పచ్చటి కూడిక గుర్తు కనిపిస్తుంది,
దాన్నే చూడండి.
నాలుగంటే నాలుగు సెకన్లు, రెప్ప వేయకండి.

కంటిని రెప్ప కాస్తుందంటారు.
మా గదిలో మాత్రం
రెప్పే అడ్డం.

బయట హకోదాతే రేవు మీద మంచు పడుతోంది.
ఆయన రబ్బరు బూట్లకంటిన మంచు కరిగి
నేను పొద్దున్నే తుడిచిన నేల మీద మడుగు కట్టింది.
నలభై ఒక్క ఏళ్ళు స్క్విడ్ల వేట.
పడవ చుట్టూ తోరణంలా గుమ్మడికాయలంత దీపాలు,
రాత్రంతా వాటి కిందే నిలబడి
తాళ్ళు లాగిన కళ్ళు.
ఇప్పుడు వాటిని అంచుల నుంచి
చీకటి మేసుకుంటూ వస్తోంది.

"సూది లేదా?" అన్నారు.
లేదన్నాను. నమ్మలేదు.
పదేళ్ళ కిందట చేతి నరంలోకి రంగుమందు ఎక్కించారట.
మర్నాటిదాకా ఒళ్ళంతా పసుపు.
"మా ఆవిడ నన్ను ముల్లంగి ఊరగాయ అని పిలిచింది.
పోయేదాకా అలాగే పిలిచింది."

ఇప్పుడు ఏదీ ఎక్కించం.
వెలుతురు పంపుతాం, అంతే.
కంటికే కనబడని వెలుతురు
కంటి వెనక గోడ మీద పడి
పిండి జల్లినట్టు రేణువులుగా చెదురుతుంది.
కదలిక లేని చోట ఒక్కో రేణువూ
ఏరుకునేంత స్పష్టం.
నెత్తురు నడిచే చోట
అలుక్కుపోతుంది.
ఆ అలుకుడునే కొలుస్తాం.
పదమూడేళ్ళుగా నా జీతం దీనికే:
ఎక్కడ మసకో
అక్కడ ప్రాణమని రాసుకోవడం.

మీట నొక్కాను.
తెర మీద నాళాలు ఎర్రబడి
నారింజకు దిగి
మళ్ళీ ఎర్రబడ్డాయి.
చూపు నరం మొదట్లో, కింది అంచు మాత్రం
ఎవరొచ్చి తట్టినా గడియ తియ్యని ఇల్లులా
నీలంగానే ఉండిపోయింది.
నా చూపంతా ఆ నీలం మీదే.

చూపించమన్నారు.
రోగికి చూపించే పని డాక్టరుది.
తెర ఆయన వైపు తిప్పాను.

మందు చుక్కలకు విచ్చుకున్న కంటిపాపలతో
తెరకు జానెడు దూరంలో ముఖం పెట్టి
వేలితో గీత గీశారు.
"ఇది నైరుతి నుంచి వచ్చే వెచ్చని నీరు.
ఇది పైనుంచి దిగే చన్నీరు.
రెండూ ఒరుసుకునే గీత మీద
స్క్విడ్లు ఉండేవి."
ఉండేవి, అన్నారు.
ఆ మాట మీద కాసేపు ఆగారు.

"మళ్ళీ వెయ్యి."
వేశాను.
"ఇంకోసారి."
ఈసారి చూడలేదు ఆయన, తల ఒక పక్కకి వాల్చి
చప్పుడే లేని తెరను విన్నారు.
"మూడోదాని తర్వాత ఒకటి ఎగ్గొట్టింది."

లెక్కపెట్టాను.
ఎరుపు, ఎరుపు, ఎరుపు,
రావలసిన చోట రాని ఎరుపు,
తర్వాత ఆలస్యానికి సిగ్గుపడినట్టు
పెద్దగా ఒకటి.
కన్ను కోసం చూస్తూ
గుండెను దాటేశాను.

"ఇంజను ఇలా తప్పితే
రేవు దాటనివ్వను నేను," అన్నారు,
ఎవరిదో పడవ గురించి చెప్పినట్టు.
డాక్టరు గారు మాట్లాడతారు, అన్నాను.
కాగితం మీద నా పెన్ను అప్పటికే రాస్తోంది.
ఆయన చూడనట్టు
టోపీ వెతుక్కున్నారు.

మంచు తెలుపు గుచ్చుకుంటుందని నల్ల కళ్ళద్దాలిచ్చాను.
తలుపు దగ్గర ఆగి అడిగారు:
"నీది ఎప్పుడైనా చూసుకున్నావా?"

సాయంత్రం అందరూ వెళ్ళాక
దీపం ఆర్పి కూర్చున్నాను.
గడ్డం గుంటలో, నుదురు పట్టీకి.
గుంట ఇంత చల్లగా ఉంటుందని
ఒక్కరూ చెప్పలేదు నాకు.
పచ్చటి గుర్తు కనిపించింది.
రెప్ప వెయ్యలేదు.
చెయ్యి చాచాను.
మీట
అవతలి వైపుంది.